మోర్మన్ చీలికలు: ఆగస్టు 8న బ్రిగమ్ యంగ్ అధ్యక్షుడు కాలేదు

అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన క్రైస్తవ శాఖ మోర్మన్లది. వాళ్ళ చరిత్ర గురించి తరచూ షేర్ అయ్యే వాదన ఇది: "జోసెఫ్ స్మిత్ వారసుడెవరో చెప్పకుండానే హత్యకు గురయ్యాడు. 1844 ఆగస్టు 8న నావూలో ఓటేసి బ్రిగమ్ యంగ్‌ను అధ్యక్షుణ్ణి చేశారు. బహుభార్యత్వం గిట్టనివాళ్ళు విడిపోయారు." (నావూ ఇల్లినాయ్‌లో అప్పటి మోర్మన్ల ఊరు.) ఇందులో ఏ ముక్కా నిలబడదు.

వారసుడి మాట స్మిత్ ఎత్తకపోలేదు, ఒకటికి నాలుగు దారులు తెరిచి పోయాడు. 1834లో మిస్సోరిలో డేవిడ్ విట్మర్‌ను తన స్థానానికి షరతుతో అభిషేకించాడు; 1838లో విట్మర్ సంఘం నుంచి వెలి అయ్యాడు. 1841లో తన తర్వాతి హోదా ఇచ్చిన అన్న హైరమ్ కార్తేజ్ జైల్లో తనతోపాటే చనిపోయాడు. కొడుకు మూడో జోసెఫ్‌ను ఆశీర్వదించాడని చెప్పిన సాక్షులున్నారు, కానీ ఆ పిల్లాడికి అప్పటికి పదకొండేళ్ళే. ఇక 1835లో అచ్చయిన ప్రకటన చూడండి. అందులో పన్నెండుమంది అపొస్తలుల (యంగ్ నడిపిన బృందం) అధికారం ప్రథమ అధ్యక్షత్వంతో (అధ్యక్షుడూ, అతని సలహాదారులూ) సమానం. యంగ్ పక్షం ఎత్తిచూపేది ఈ వాక్యమే. అయితే అదే ప్రకటన డెబ్బైమంది అనే ప్రచారకుల బృందాన్నీ, స్థానిక పెద్దల సభలనూ కూడా సమానమే అంటుంది. నావూ పెద్దల సభకు అధిపతి విలియం మార్క్స్. స్మిత్ భార్య ఎమ్మా అతనివైపే మొగ్గింది.

ఆగస్టు 8 సభలో స్మిత్ సలహాదారు సిడ్నీ రిగ్డన్ తనను సంఘ సంరక్షకుడిగా ఉంచమన్నాడు. జనం చేతులెత్తింది పన్నెండుమంది బృందం కోసం, యంగ్ ఒక్కడి కోసం కాదు. అధ్యక్షపదవి మూడేళ్ళకు పైగా ఖాళీగానే ఉంది. 1847 డిసెంబర్ 27న అయోవాలోని కేన్స్‌విల్‌లో యంగ్‌కు దక్కింది. ఆగస్టు 8న యంగ్ అచ్చం స్మిత్‌లా కనిపించాడని అపొస్తలుడు విల్ఫర్డ్ ఉడ్రఫ్ తర్వాతి కాలంలో గట్టిగా చెప్పాడు. ఆనాడు తాను రాసుకున్న డైరీలో మాత్రం ఆ ఊసే లేదు.

విడిపోయినవాళ్ళంతా బహుభార్యత్వం గిట్టనివాళ్ళే అన్న మూడో ముక్క మరీ తప్పు. 1837లో ఒహాయోలోని కర్ట్‌లాండ్‌లో వారెన్ పారిష్ వర్గం విడిపోయింది సంఘపు బ్యాంకు నోట్లు చెల్లని కాగితాలైనందుకు. బహుభార్యత్వాన్ని ఎదిరించిన విలియం లా వర్గమైతే స్మిత్ బతికుండగానే వేరుపడి, 1844 జూన్ 7న పత్రిక తెచ్చింది. ఆ ప్రెస్సును ధ్వంసం చేయించడమే స్మిత్ జైలుపాలవడానికి దారితీసింది.

యంగ్‌కు పోటీగా తానే వారసుణ్ణన్న స్ట్రాంగ్ సంగతి ఇంకా స్పష్టం. బాప్తిస్మం తీసుకుని నాలుగు నెలలు కూడా కాని జేమ్స్ స్ట్రాంగ్, స్మిత్ తనను నియమించాడంటూ 1844 జూన్ 18 తేదీ వేసిన ఉత్తరం చూపించాడు. దానిమీది నావూ పోస్టల్ ముద్ర నిజమైనదే, కానీ సంతకం విడి అక్షరాల్లో ఉంది, అది స్మిత్ చేతిరాత కాదు. మార్టిన్ హారిస్ లాంటి, మోర్మన్ గ్రంథానికి తొలి సాక్షులు కూడా కొన్నాళ్ళు స్ట్రాంగ్‌ను నమ్మారు. మొదట బహుభార్యత్వాన్ని తిట్టిపోసిన ఇతను 1849లో ఎల్వైరా ఫీల్డ్‌ను రెండో భార్యగా చేసుకున్నాడు. మగవేషం వేయించి, చార్లీ డగ్లస్ అనే పేరుతో కార్యదర్శిగా వెంట తిప్పుకున్నాడు. టెక్సస్‌కు విడిపోయిన అపొస్తలుడు లైమన్ వైట్‌కూ పలువురు భార్యలే.

వారసుణ్ణి నియమించకుండా పోయిన నాయకుడు ఎవరంటే, స్ట్రాంగ్. 1856 జూన్ 16న తుపాకీ దెబ్బ తిని జూలై 9 దాకా బతికున్నా ఎవరి పేరూ చెప్పలేదు. అతని అనుచరుల్లో చాలామంది 1860 ఏప్రిల్ 6న ఇల్లినాయ్‌లోని ఆంబోయ్‌లో, యంగ్ సంఘానికి వేరైన మరో సంఘానికి అధ్యక్షుడైన మూడో జోసెఫ్ వైపు చేరిపోయారు.