ట్యాలీ కౌంటర్ గారికి ఒక బొటనవేలి విన్నపం

నొక్కినప్పుడల్లా ఒక అంకె పెంచుకునే మహారాజశ్రీ ట్యాలీ కౌంటర్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుడి బొటనవేలు వాచి ఉంది, అబద్ధమవుతుంది. కుశలం మీ ఒక్కరిదే. నిన్న మధ్యాహ్నం నాలుగు గడుల్లో నాలుగు సున్నాలు పెట్టుకుని, అప్పుడే డబ్బాలోంచి తీసినట్టు నా అరచేతిలో తళతళలాడారు. అంతకుముందు ఆరు గంటలు మీరూ నేనూ కలిసి చేసిన కాపురం ఏమైందని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు.

మీతో ఇంత చనువు ఏర్పడుతుందని కోర్సులో చేరినప్పుడు ఎవరూ చెప్పలేదండీ. పార్క్ మేనేజ్‌మెంట్, వారసత్వ పరిరక్షణ అంటే చెట్లూ, శిథిలాలూ, పక్షులూ, శాసనాలూ అనుకున్నాను. బ్రోషర్ మీద టోపీ పెట్టుకుని బైనాక్యులర్స్‌లోంచి ఎక్కడో దూరంగా చూస్తున్న అమ్మాయి ఫొటో ఉంది. ఆ అమ్మాయి దేనికోసం వెతుకుతోందో ఇన్నాళ్లకు అర్థమైంది. ఉద్యోగం కోసం. ఈ రంగంలో ప్రకటనలన్నీ ఒకటే తీరు: ఫ్రెషర్స్ అప్లై చేయవచ్చు, మూడేళ్ల అనుభవం తప్పనిసరి. సెలవుల్లో జీతం లేకుండా చేసిన చాకిరీ అనుభవం కిందికి రాదట. అది వేరే లేఖ, వేరే రోజు రాస్తాను.

ప్రకృతి పరిరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్లు రక్షిత ప్రాంతాలను ఆరు వర్గాలు చేసి, మొదటిదాన్ని మళ్లీ రెండు ముక్కలు చేసి, పరీక్షలో ఆరు రాయమంటే ఏడు రాసే గతి పట్టించారు. అది కూడా మీ నేరం కాదు లెండి. మీ సంగతికే వస్తాను.

సర్వే అన్నారు. పాత కోట గోడ, దాని చుట్టూ పార్కు, లోపలికి వెళ్లడానికి ఒకటే గేటు. తొమ్మిది నుంచి మూడింటి దాకా లోపలికి వెళ్లిన ప్రతి మనిషికీ ఒక నొక్కు. అరగంటకోసారి అంకె చూసి ఫారంలో రాయాలి. ఇంతే పని. రెండేళ్లు చదివితే గానీ అప్పగించని పని.

గేటు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఎప్పుడో సున్నంతో కట్టిన స్తంభం. ఈమధ్య ఎవరో మహానుభావులు అందులో సున్నం పోయిన చోట సిమెంటు మెత్తారు. సున్నమైతే చెమ్మను బయటికి వదిలేది, సిమెంటు వదలదు. ఆ చెమ్మ, దానితోపాటు ఉప్పూ చుట్టూ ఉన్న పాత ఇటుకలోకి దారి చూసుకుంటాయి. సిమెంటు ముక్క నిక్షేపంగా ఉంది, దాని చుట్టూ ఇటుక పిండి పిండిగా రాలుతోంది. సాయంత్రానికి నా మోచేయి ఎర్రగా అయింది. పరిరక్షణ అంటే ఇదే కాబోలు, కట్టడాన్ని కొంచెం కొంచెంగా ఇంటికి మోసుకుపోవడం.

మొదటి రెండు గంటలూ మీరు బంగారం. తొమ్మిదిన్నరకు 87. పదికి 203. పదిన్నరకు 391. పదకొండుకు 612. నాలుగు అంకెలూ నా చేత్తో నీటుగా రాశాను. మీ కుడి వైపున ఒక చిన్న నాబ్ ఉందనీ, దాన్ని తిప్పితే అన్నీ సున్నాలవుతాయనీ తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

తర్వాత బడి బస్సులు వచ్చాయి. ఒకటి కాదు, వరసగా మూడు. పిల్లలు ఒక్కొక్కరుగా గేటు దాటరండీ, ముద్దగా దాటుతారు. ఒకడు లోపలికి వెళ్లి, వాటర్ బాటిల్ మర్చిపోయి బయటికొచ్చి, మళ్లీ లోపలికెళ్తాడు. వాడు ఒకడా, ఇద్దరా? చంకలో ఉన్న చంటిపిల్ల మనిషి కిందికి వస్తుందా? ఫారంలో ఎక్కడా లేదు. గేటుకు బిగించే ఇన్‌ఫ్రారెడ్ పరికరాలు ఉంటాయి, వాటికైతే పక్కపక్కనే నడిచే జంట ఒక్కరే, కుక్క కూడా ఒకరే. వాటికంటే మనమే నయం అనుకుంటూ టకటకా నొక్కుతూ పోయాను. పెన్నూ కుడి చేతిదే, మీరూ కుడి చేతివారే. తర్వాత రాద్దాంలే అనుకున్నాను. ఆ 'లే' కొంప ముంచింది.

ఒక్కటి మాత్రం గుర్తుంది. పన్నెండు కావడానికి ఇంకా ఏడెనిమిది నిమిషాలు ఉండగా మీరు 0999 మీద ఆగారు. తర్వాత వచ్చింది చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన. నొక్కాను. మూడు తొమ్మిదులూ ఒక్కసారి బోర్లా పడ్డాయి, పొద్దుటి నుంచి కదలని మొదటి గడిలోకి ఒకటి దొర్లుకుంటూ వచ్చి టక్కున కుదురుకుంది. నాకెందుకో చెప్పలేనంత ఆనందం వేసింది. ఆయన్ను ఆపి, మీరు వెయ్యో మనిషి అని చెబుదామనుకుని ఊరుకున్నాను.

ఆయన నేరుగా వెళ్లి గోడ నీడలో బెంచీ మీద కూర్చున్నారు. మూడింటికి కూడా అక్కడే ఉన్నారు. మీ లెక్కలో ఆయన ఒకటి. ఆయన వెనకే పరిగెత్తుకుంటూ వచ్చి, మెట్ల పక్క రాతి సింహం మెడ చుట్టూ చేతులేసి ఫొటో దిగి, మూడు నిమిషాల్లో వెళ్లిపోయిన నలుగురూ నాలుగు. ఆ సింహం ముక్కు నల్లగా, నున్నగా నిగనిగలాడుతోంది. మిగతా ఒళ్లంతా గరుకు. ఎవరూ కొట్టలేదు, గీయలేదు, ముద్దుగా నిమిరారు అంతే. చేతి చెమటా, జిడ్డూ కలిసి చెక్కిన గీతల్ని మింగేశాయి. గడ్డి మీద అడ్డదారి కూడా అలాగే పడింది. తొక్కుడు దెబ్బ గురించి మాకు మొదట చెప్పేదే అది: ఎక్కువ నష్టం మొదట తొక్కిన కొద్దిమందితోనే జరిగిపోతుంది, ఆ తర్వాత జనం రెట్టింపైనా నష్టం రెట్టింపు కాదు. మీరేమో మొదటివాడికీ వెయ్యోవాడికీ ఒకే నొక్కు పెడతారు.

ఫ్రాన్స్‌లో లాస్కో గుహ కూడా అలాగే పాడైంది. 1940లో బయటపడింది, 1948లో జనానికి తెరిచారు, 1955 నాటికి రోజుకు 1,200 మంది. వేల ఏళ్లు చీకట్లో చెక్కుచెదరని బొమ్మల మీద ఏడేళ్లలో మచ్చ కనిపించింది. చూడ్డానికి వచ్చినవాళ్లు వదిలిన ఊపిరి, చెమ్మ, ఒంటి వేడి వల్ల. 1963లో మూసేశారు. గేటు దగ్గర మనుషుల్ని లెక్కపెట్టగలిగారు గానీ, ఊపిరి లెక్కపెట్టే నొక్కు ఏ ట్యాలీ కౌంటర్‌కీ లేదు. 1985లో అమెరికా ఫారెస్ట్ సర్వీస్ వాళ్లు, ఎంతమంది రావచ్చు అని అడగడం మానండి, ఎంత మార్పు వరకు ఒప్పుకుంటాం అని అడగండి అన్నారు. మాకు దాని మీద ఎస్సే ప్రశ్న కూడా వచ్చింది, బాగానే రాశాను. రాసి వచ్చి, గేటు దగ్గర నిలబడి, ఎంతమంది వచ్చారో నొక్కుతున్నాను.

ఇక అసలు ఘట్టం. మూడింటికి రెండు నిమిషాలు ఉండగా ఒక బుడతడు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, అదేంటి?"

"మనుషుల్ని లెక్కపెట్టేది."

"నన్ను లెక్కపెట్టావా?"

"పెట్టాను."

"ఏదీ, నేను ఎక్కడున్నాను?"

ఎంత మంచి ప్రశ్న! ఆ మురిపెంతోనే మిమ్మల్ని వాడి చేతిలో పెట్టాను. వాడు అటూ ఇటూ తిప్పి చూశాడు, నాబ్ పట్టుకుని గర్రున తిప్పాడు. 0000. "పోయాను" అన్నాడు, నవ్వుతూ.

వాడి మీద నాకు కోపం లేదు. మీ మీద ఉండింది, గంటసేపు. ఆరు గంటల చాకిరీ ఒక్క తిప్పుకు కడిగేసుకునే వస్తువును ఎవరు కనిపెట్టారా అని తిట్టుకున్నాను. ఇంతలో మా ఫీల్డ్ సూపర్‌వైజర్ సారు వచ్చారు. జరిగింది చెప్పాను. పదకొండు దాకా రాశాను సార్, తర్వాత పోయింది, తప్పు నాదే, వచ్చే ఆదివారం మళ్లీ నిలబడతాను అన్నాను.

"దీనికెందుకంత టెన్షన్? ఆదివారం కదా, ఒక రెండు వేలు ఉంటారు, వేసెయ్" అన్నారు.

వేసెయ్ అనడమే కాదు, నా చేతిలో ఫారం తీసుకుని ఆయనే వేసేశారు. 612 తర్వాత గడుల్లో, మొత్తం కాకుండా అరగంటకు ఎంతమందో చొప్పున, వరసగా 180, 190, 200, 200, 190, 170, 150. చివరి గడిలో 108. మొత్తం 2,000 రావాలి కదా, మిగిలింది అంతే. అష్టోత్తరం! చూడ్డానికి ముచ్చటగా ఉంది, గుట్టలా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఆయన లెక్క ప్రకారం పన్నెండింటికి లోపలికి వెళ్లినవాళ్లు 982. పన్నెండు కాకముందే వెయ్యి దాటడం నేను కళ్లారా చూశాను. ఆ వెయ్యో మనిషి ఇంకా ఎదురుగా బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు. ఆయన్ను చూపించి, సార్, ఆయన ఇంకా రానట్టే మీ లెక్కలో, అన్నాను. సారు నవ్వారు. జోక్ అనుకున్నారు.

ఇక గారూ, మీరూ మన మధ్య ఎందుకులే. నువ్వు చెప్పు. పాత కట్టడాల పరిరక్షణ మీద 1964లో వెనిస్‌లో కూర్చుని రాసిన చార్టర్‌లో తొమ్మిదో ఆర్టికల్ ఏమంటుంది? పునరుద్ధరణ పని ఊహ మొదలయ్యే చోట ఆగిపోవాలి అంటుంది. విరిగిన రాతి ముక్కుకు కొత్త ముక్కు పెట్టాలంటే, అది ఎలా ఉండేదో ఆధారం లేకపోతే పెట్టకూడదు. ఖాళీగా వదిలెయ్యాలి. సింహం ముక్కుకు ఉన్న ఆ మర్యాద ఫారంలో గడికి లేదా? రాతి మీద ఒక గీత ఊహించి చెక్కితే నేరం, కాగితం మీద ఎనిమిది గడులు ఊహించి నింపితే సర్వే! ఆ 2,000 రేపు నివేదికలోకి వెళ్తుంది. నివేదికలోంచి ప్లాన్‌లోకి వెళ్తుంది. అప్పటికి పక్కన 'సర్వే ప్రకారం' అని చేరుతుంది. దాన్ని చూపించి ఎవరో గడ్డి తవ్వి పార్కింగ్ వేస్తారు, లేదా ఇంకో గేటు కోసం గోడ పగలగొడతారు, లేదా ఏమీ చెయ్యరు. ఏం చేసినా ఆ అంకె పుట్టింది ఒక మనిషికి టీ చల్లారిపోతోందన్న తొందరలో. ఆరు గంటలు నిలబడ్డ నా కాళ్లకు పిచ్చా?

నువ్వే నయం. నీకు తెలియనప్పుడు సున్నా చూపించావు. ఉన్నది పోయింది, ఇక నాకు తెలియదు అని నాలుగు గడుల్లోనూ ఒప్పుకున్నావు. గంటసేపు నిన్ను తిట్టినందుకు క్షమించు.

ఆ ఫారంలో చిట్టచివర 'రిమార్క్స్' అని సన్నటి గడి ఒకటి ఉంటుంది. అందులో ఎవరూ రాయరు, ఎవరూ చదవరు, కాబట్టి సారు కూడా చూడలేదు. సంతకం పెడుతున్నట్టు వంగి, అందులో పట్టినంతలో రాశాను: '11 తర్వాతి అంకెలు లెక్కపెట్టినవి కావు. 12 కాకముందే 1,000 దాటింది. సింహం ముక్కు చూడండి.'

వచ్చే ఆదివారం వద్దన్నా వెళ్తాను, ఎవరికీ ఇవ్వాల్సిన ఫారం లేకపోయినా సరే. తొమ్మిదింటికి గేటు దగ్గర ఉంటాను. పెన్ను ఎడమ చేత్తో రాయడం ప్రాక్టీస్ చేస్తున్నాను. నీ నాబ్ మీద రెండు చుట్లు టేపు వేశాను, కాస్త ఊపిరాడనట్టు ఉంటుంది, సర్దుకో.

ఇట్లు,
నీ కుడి బొటనవేలు