గుల్ల లేని నత్త గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ గుల్ల లేని నత్త గారి దివ్య సముఖానికి,

ఇక్కడ మేము క్షేమంగా లేము. అక్కడ మీరు క్షేమమని మడి మీద మెరుస్తున్న జిగట గీత చూస్తేనే తెలుస్తోంది. శ్రీమాన్ అనాలో శ్రీమతి అనాలో తేలక పై సంబోధనతో సరిపెట్టాను. ఆడా మగా రెండూ మీ ఒక్క ఒంట్లోనే ఉంటాయి కాబట్టి ఏది రాసినా సగం తప్పే.

విషయానికి వస్తాను. చిక్కుడు మొలకలు. నిన్న సాయంత్రమే మట్టిని చీల్చుకుని తలెత్తాయి. ఒకదాని ఆకు అంచుకు గింజ తొక్క ఇంకా ఊడనే లేదు. పొద్దున్నే వెళ్ళి చూస్తే వరసంతా మొండి కాడలు. పోనీ, ఆకలేసి తిన్నారంటే ఒక లెక్క. ఆ తొక్క ఉన్న మొలకను మెడ దగ్గర కొరికి, ఆకులు రెండూ అలాగే మట్టి మీద పడేసి వెళ్ళిపోయారు. ఎంగిలి చేయడానికేనా అంత దూరం పాకుతూ వచ్చింది?

సరే, అదీ వదిలేద్దాం. నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఆ మొలకకు జానెడు దూరంలో తుంగ ఉంది. దాని పక్కనే గరిక. పీకిన కొద్దీ వస్తాయి, నీళ్ళు పోయకపోయినా వస్తాయి, ఎవరూ రమ్మనకపోయినా వస్తాయి. వాటి మీద ఒక్క గాటు లేదు. మీ జిగట గీత తుంగ మొదలు దాకా వచ్చి, మర్యాదగా దాని చుట్టూ తిరిగి, నేరుగా చిక్కుడు దగ్గరకు పోయింది. లేత మొలకలో పీచు తక్కువ, అందుకే మీకు ఇష్టమని తెలిసినవాళ్ళు చెబుతారు. ఒప్పుకుంటాను. మరి తుంగ కూడా ఒకప్పుడు మొలకే కదండీ! అదేమైనా పుట్టుకతోనే ముదురా? మీ నోట్లో గరుకు నాలుక, దాని మీద వేల పళ్ళు. అరిగిన కొద్దీ వెనక నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. ఇంత సరంజామా పెట్టుకుని ఒక్క గరిక పోచ నమలలేరా? రాత్రికి నాలుగు పోచలు తిన్నా నాకు నడుం నొప్పి తప్పేది. మీకు చేతులెత్తి మొక్కేదాన్ని.

మిమ్మల్ని ఆపే చిట్కాలకు మాత్రం లోటు లేదు. గుడ్డు పెంకులు నలిపి మొక్క చుట్టూ చల్లితే గుచ్చుకుని రారని అందరూ అన్నారు. చల్లాను. తివాచీ పరిచి పిలిచినట్టు దర్జాగా దాని మీదుగానే వచ్చారు. బ్రిటన్‌లోని తోటపెంపకం సంస్థ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళు పెంకులు, రాగి టేపు, గరుకు రాతిపొడి, చెట్టు బెరడు, ఉన్ని గుళికలు అన్నీ లెట్యూస్ మొక్కల చుట్టూ పెట్టి చూసి, పెట్టినా పెట్టకపోయినా మీరు తినేది తింటారని 2018లో తేల్చారు. అదే సంస్థ 2022లో మిమ్మల్ని ఇక చీడ అని పిలవబోమని కూడా ప్రకటించింది. అభినందనలు. మీ జాతుల్లో పచ్చని మొక్కల జోలికి వచ్చేవి కొన్నేనట, మిగతావి కుళ్ళిన ఆకులు తిని మట్టికి మేలు చేస్తాయట. ఆ మర్యాదస్తులైన మీ బంధువులు నా మడి వైపు తొంగి చూడరేం?

ఉప్పు చల్లమనేవాళ్ళకు ఒక దండం. మీతో పాటు మట్టీ పాడవుతుంది. మిమ్మల్ని చంపే మెటాల్డిహైడ్ అనే విషపు గుళికలంటారా, పిట్టలకూ అడవి జంతువులకూ ముప్పని బ్రిటన్‌లో 2022 నుంచి ఆరుబయట వాడనివ్వడం లేదు. బీరు గిన్నె పెడితే పులిసిన వాసనకు వచ్చి మునుగుతారన్నారు. వచ్చారు. ముందు చిక్కుడు తిని, ఆ తర్వాత.

రాత్రి టార్చి పట్టుకుని వచ్చింది నేనే. పాలకూర ఆకు అడుగున దొరికారు. వేలు తగలగానే పై కొమ్ముల చివర ఉన్న కళ్ళు రెండూ లోపలికి లాగేసుకున్నారు. మీరు చూడకపోతే నేను లేనట్టే కాబోలు. కుడి పక్కన సన్నటి రంధ్రం ఒకటి తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఊపిరట. నా తోటంతా కడుపులో వేసుకుని ఎంత తీరిగ్గా ఊపిరి! మిమ్మల్ని తీసి పారేశాక ఆ జిగురు నా వేళ్ళకు మిగిలింది. నీళ్ళతో కడిగితే పోదు సరికదా, నీళ్ళు పీల్చుకుని ఇంకా జారుతుంది. ముందు పొడిగుడ్డతో నులిమి, ఉండలుగా రాల్చి, ఆ తర్వాత సబ్బు. ఇంత చేసి మళ్ళీ వచ్చేసరికి వంగ నారు మీద ఇంకో శాల్తీ.

ఇంక ఈ గారులూ గీరులూ నా వల్ల కాదు. ఏరా, ఏమే, నీకు ఏది వర్తిస్తే అది, సిగ్గుందా నీకు? వెన్నెముక ఎలాగూ లేదు. పగలంతా కుండీ కింద పడి నిద్రపోతావు, చీకటి పడగానే ఎవరో పెంచింది కొరికి పారేస్తావు. అది కూడా పూర్తిగా తినవు!

విను. ఇకనుంచి నీళ్ళు పొద్దున్నే పోస్తాను. రాత్రికి మడి పైమట్టి ఆరిపోయి ఉంటుంది, పాకు చూద్దాం. మడి పక్కన తడి చెక్క వేస్తున్నాను. చల్లగా ఉందని దాని కిందే దూరతావు. తెల్లారగానే తిరగేస్తాను. అడుగున గుత్తిగా పెట్టిన నీ గుడ్లు దొరికితే అవి ఎండలోకే. కొత్త చిక్కుడు ఈసారి ట్రేలో, ఎత్తు మీద మొలకెత్తుతుంది. కాడ ముదిరాకే మడిలోకి దిగుతుంది. తొట్టి పక్కన ఒక కప్ప కాపురం పెట్టింది, దాన్ని కదిలించే ఉద్దేశం నాకు లేదు.

రాజీకి ఇంకా దారి ఉంది. తుంగ తిను. మొత్తం నీకే, గడ్డలతో సహా. ఒక్క పోచ కొరికినట్టు కనిపించినా ఆ చెక్క తీసేస్తాను.

ఇట్లు,
ఇష్టం లేకుండానే నీకు అన్నదాత