కోటు ఎవరికి, చలి ఎవరికి?

అమెరికాలోని మయామీ నుంచి విహారయాత్రకు బయల్దేరిన రెండో రోజు రాత్రి ఓడలోని పెద్ద థియేటర్‌లో మూడో వరుసలో కూర్చున్నాం. అన్నయ్య, వదిన, వాళ్ల పదకొండేళ్ల అమ్మాయి, వేసవికి హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మ, నేను. ఏసీ ఎంత పెట్టారంటే అమ్మ శాలువా తల మీదుగా కప్పుకుంది. తెర లేచింది. క్యూబా రాజధాని హవానా వీధిలా వేసిన సెట్టు, బాకాలు, డోళ్ల మోత. మొదట ఆరుగురు అబ్బాయిలు వచ్చారు. నిండు చేతుల చొక్కా, పైన వెయిస్ట్ కోటు, మడమల దాకా ప్యాంటు, నెత్తిన టోపీ. వాళ్ల వెనకే ఆరుగురు అమ్మాయిలు వచ్చారు. రాళ్లు పొదిగిన రెండు చిన్న గుడ్డ ముక్కలు, నడుము వెనక పురివిప్పినట్టు ఈకలు, అంతే.

అమ్మ నా వైపు వంగి ఒక్క మాట అడిగింది. "ఆ అబ్బాయిలకు వేసే చలి ఈ పిల్లలకు వేయదా?"

అసహ్యించుకోలేదు, మనవరాలి కళ్లు మూయలేదు. చలి గురించి అడిగింది. ఓడ వేదికల మీద నర్తకీమణుల దుస్తుల గురించి నేను విన్న వాదనలన్నింటికంటే ఆ ప్రశ్నే సూటిగా ఉందని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

ఈ విషయం ఎత్తితే సాధారణంగా రెండు గొంతులు వినిపిస్తాయి. పిల్లలు, పెద్దవాళ్లు కలిసి కూర్చునే చోట ఇలాంటి వేషాలు ఉండకూడదని ఒకరంటారు. అది కళ, నచ్చకపోతే లేచి వెళ్లండని ఇంకొకరంటారు. ఇద్దరూ చేస్తున్నది గుడ్డను బెత్తలతో కొలవడమే. ఎంత ఒళ్లు కనిపిస్తోందన్న లెక్క దగ్గరే ఇద్దరూ ఆగిపోతారు. ఆ దుస్తులు ఆ నృత్యానికి ఎందుకు అవసరమైనాయో, ఆ వేళకు ఆ చోటికి ఎందుకు వచ్చాయో, వేసుకున్న మనిషికి అందులో ఏ మేరకు మాట చెల్లిందో అడగరు.

ఈ వేషం సముద్రం మీద పుట్టింది కాదు. పారిస్‌లో 1869లో తెరిచిన ఫోలీ బెర్జేర్, 1889లో తెరిచిన మూలా రూజ్ లాంటి వినోదశాలల్లో దీని మూలాలున్నాయి. 1932లో మార్గరెట్ కెల్లీ అనే ఐరిష్ నర్తకి పొడవాటి అమ్మాయిలను ఏరి కూర్చి బ్లూబెల్ గర్ల్స్ అనే బృందాన్ని తయారుచేసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పారిస్‌లోని లిడో అనే వినోదశాలకు ఆ బృందమే వెలుగైంది. 1958లో ఆ లిడో ప్రదర్శన అట్లాంటిక్ దాటి లాస్ వేగాస్‌లోని స్టార్‌డస్ట్ హోటల్‌కు చేరింది. మరుసటి ఏడాది అదే ఊళ్లోని ట్రోపికానా హోటల్‌లో ఫోలీ బెర్జేర్ పేరుతో ఇంకొకటి మొదలైంది. తల మీద ఈకల కిరీటం, ఒంటి మీద తళుకు రాళ్లు, మెట్ల మీంచి నెమ్మదిగా దిగే నడక. ఆ అచ్చు అక్కడ స్థిరపడింది.

విహార ఓడలు నడిపే కంపెనీల్లో రాయల్ కరీబియన్ 1968లో, కార్నివాల్ 1972లో పుట్టాయి. ఒక రేవు నుంచి ఇంకో రేవుకు మనుషులను చేర్చే పని విమానాలు లాగేసుకున్నాక ఓడే ఒక విహారస్థలం కావలసి వచ్చింది. విహారస్థలమంటే అమెరికన్ల మనసులో అప్పటికి మెదిలేది వేగాస్. కాసినో వచ్చింది, దాని పక్కనే వేగాస్ తరహా ప్రదర్శన వచ్చింది, దాంతోపాటు ఈకలూ వచ్చాయి. ఓడకు తగిన వేషం ఏదని ఎవరూ కొత్తగా ఆలోచించినట్టు కనిపించదు. దొరికింది తెచ్చి ఎక్కించారు.

ఇంతలో పుట్టిల్లు మూతపడింది. ట్రోపికానా ప్రదర్శన 2009లో ఆగిపోయింది. వేగాస్‌లో ఆ కోవకు చెందిన చివరి భారీ ప్రదర్శన జూబిలీ 2016లో ముగిసింది. పారిస్ లిడో కూడా 2022లో తన నృత్య ప్రదర్శనకు స్వస్తి చెప్పింది. మూలా రూజ్ ఇంకా నడుస్తోంది, అది వేరే కథ. పెళ్లయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక కూడా విప్పని పందిరిలా ఆ వేషం మాత్రం చాలా ఓడల్లో అలాగే ఉండిపోయింది.

వేగాస్‌కూ ఓడకూ ఉన్న తేడా చిన్నది కాదు. వేగాస్‌లో ప్రేక్షకుడు ఫలానా ప్రదర్శన అని తెలుసుకుని, విడిగా టికెట్ కొనుక్కుని వెళతాడు. ట్రోపికానా వాళ్లు తమ చివరి ఏళ్లలో మొదటి ఆట కుటుంబాలు చూడదగ్గట్టు నిండు దుస్తులతో, రాత్రి ఆట పెద్దలకు మాత్రమే అన్నట్టు వేరుచేసి వేసేవారు. పాపం పుణ్యం పట్టించుకోని ఊరని పేరుపడ్డ చోటే ఆ మాత్రం విడమర్చి చెప్పారు. ఓడలో ప్రదర్శన ఖర్చు ప్రయాణపు టికెట్‌లోనే కలిసి ఉంటుంది. భోజనాలు రెండు బంతులుగా పెడతారు కాబట్టి ఆటలూ రెండు వేస్తారు, రెండింటిలోనూ అదే వేషం. తిన్నాక అందరూ అటే నడుస్తారు. నచ్చకపోతే లేచి వెళ్లమనడం తేలికే. కానీ చుట్టూ నీళ్లున్నప్పుడు, ఇంటిల్లిపాదీ ఒకే వరుసలో కూర్చున్నప్పుడు ఎనభై ఏళ్ల పెద్దావిడ పదిమంది మోకాళ్లు దాటుకుంటూ చీకట్లో లేచి పోవడం అంత తేలిక కాదు.

ముందే చెప్పడం ఓడ కంపెనీలకు చేతకాని పనేమీ కాదు. కార్నివాల్ ఓడల్లో హాస్య ప్రదర్శనలకు సాయంత్రం ఆట కుటుంబాలకు, రాత్రి ఆట పద్దెనిమిదేళ్లు నిండినవారికి అని స్పష్టంగా వేరుచేస్తారు. వర్జిన్ వాయేజెస్ పెద్దలకు మాత్రమే పరిమితమైన ఓడలు నడుపుతోంది. అక్కడ ఏం వేసుకుని ఆడినా ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు, నాకూ లేదు. డిస్నీ 1998 నుంచి ఓడలు నడుపుతోంది, ఈకల అవసరం లేకుండానే తన థియేటర్‌ను నింపుకుంటోంది. అంటే మాట విషయంలో వయసు చూసి జాగ్రత్త పడే పరిశ్రమ దుస్తుల దగ్గరికి వచ్చేసరికి మౌనంగా ఉండిపోతోంది. ప్రతి రాత్రి మా గదికి వచ్చిన మర్నాటి కార్యక్రమాల కాగితంలో ప్రదర్శన పేరు, వేళ ఉన్నాయి. ఎలాంటి ప్రదర్శనో ఒక్క వాక్యం లేదు.

మూడో రోజు తెర వెనక భాగం చూపిస్తామంటే పేర్లు ఇచ్చి వెళ్లాం. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది దుస్తుల గది దగ్గర. ఇరుకు నడవకు రెండు పక్కలా ఇనుప కడ్డీలకు దుస్తులు వేలాడుతున్నాయి. ఓడ ఊగినప్పుడల్లా అన్నీ కలిసి ఒకే వైపు ఒరుగుతున్నాయి. అమ్మ నలభై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. హవానా పాటలో చూసిన ఎర్ర దుస్తులను గుర్తుపట్టి, అడిగి, చేతిలోకి తీసుకుంది. మూడో వరుస నుంచి మాకు ఒళ్లుగా కనిపించిన నడుము భాగం ఒళ్లు కాదు. చర్మం రంగులో ఉన్న సాగే నెట్టు గుడ్డ. రాళ్లన్నీ ఆ నెట్టు మీదే కుట్టి ఉన్నాయి. వెనక జిప్పు, దాని పైన పెద్ద హుక్కు, చీకట్లో నిమిషంలోపు మార్చుకోవడానికి వీలుగా ప్రెస్ బటన్లు. అమ్మ కుట్టు తిరగేసి చూసి, "లోపల గుడ్డ బాగా వదిలారు, ఎన్నిసార్లో విప్పి కుట్టారు" అంది. అంచుకు కుట్టిన పట్టీ మీద మూడు పేర్లు ఉన్నాయి. రెండు కొట్టేసి ఉన్నాయి, మూడోది ఇప్పటి అమ్మాయిది.

నాకు ఆ పట్టీ చాలా విషయాలు చెప్పింది. నర్తకి కొన్ని నెలల ఒప్పందం మీద ఓడ ఎక్కుతుంది. ఆమె రాకముందే ఆ దుస్తులు కత్తిరించి ఉన్నాయి, ఆమె దిగిపోయాక మరో అమ్మాయి కోసం విప్పి కుడతారు. ఒళ్లు దుస్తులకు తగ్గట్టు రావాలి తప్ప దుస్తుల ఊహ ఆమెతో మొదలుకాదు. ఇష్టపడే ఒప్పుకుని వేసుకుంటున్నారు కదా అనే వాదనను నేను కొట్టిపారేయను. పదిహేనేళ్లు సాధన చేసి కండ కండనూ చెక్కుకున్న నర్తకి తన దేహాన్ని గర్వంగా చూపించుకుంటే అది ఆమె హక్కు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ ఇష్టం అనే మాటకు విలువ ఉండాలంటే వద్దనే అవకాశం కూడా ఉండాలి. పట్టీ మీద మూడో పేరుగా వచ్చిన అమ్మాయికి ఆ అవకాశం ఏ మేరకు ఉంటుంది?

చర్మం రంగు గుడ్డ అన్నాను. ఎవరి చర్మం అన్నది ఇంకో ప్రశ్న. నాట్య వస్త్రాల వ్యాపారంలో ఎన్నో దశాబ్దాలు ఒళ్లు రంగంటే లేత గులాబీ ఒక్కటే. లండన్‌లోని ఫ్రీడ్ కంపెనీ మునివేళ్ల మీద నిలబడి ఆడే బ్యాలే పాదరక్షలను గోధుమ, చామన ఛాయల్లో అమ్మకానికి తెచ్చింది 2018లో. అంతకుముందు చాలామంది నల్లజాతి నర్తకులు ముఖానికి పూసుకునే రంగును చెప్పులకు పూసుకునేవారు. మా థియేటర్‌లో ఆరుగురిలో ఇద్దరు చామనఛాయ అమ్మాయిలు. వాళ్ల నెట్టు వాళ్ల ఒంటికి సరిగ్గా కలిసింది. ఎవరో శ్రద్ధ తీసుకున్నారు. అంత శ్రద్ధ రంగు మీద పెట్టగలిగినవాళ్లు నమూనా మీద ఎందుకు పెట్టలేరన్నదే నా బాధ.

మరి వేషం తగిందో కాదో దేన్నిబట్టి చెప్పాలి? నాకు తెలిసిన గుర్తు ఒక్కటే. పక్కన ఉన్న మగవాళ్లను చూడాలి. నీళ్లలో దూకే ప్రదర్శన తీసుకోండి. రాయల్ కరీబియన్ వారి ఒయాసిస్ ఆఫ్ ది సీస్ 2009లో వచ్చినప్పటి నుంచి అలాంటి ఓడల వెనక భాగంలో ఆరుబయట నీటి రంగస్థలం ఉంది. అంత ఎత్తు నుంచి దూకేవారు ఆడైనా మగైనా ఒంటిని అంటిపెట్టుకున్న కొద్దిపాటి దుస్తుల్లోనే ఉంటారు. ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, ఎందుకంటే పని అలాంటిది. గాలిలో పట్టుగుడ్డలకు వేలాడే విన్యాసాల్లోనూ అంతే. రియోలో సాంబా పాఠశాలల ఊరేగింపులో ఈకలు, తళుకులు ఉంటాయి. ఆ వేషం ఆ ఊరిది, ఆ ఉత్సవానిది, వేసుకున్నవాళ్లు దానికోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. ఇవన్నీ ఒళ్లు కనిపించే దుస్తులే. కానీ హవానా పాటలో మగవాడు వీధిలో తిరిగే మనిషిలా తయారై, ఆడది మాత్రం ఏ వీధికీ చెందని వేషంలో వస్తే, అక్కడ కథ ఒకరికే ఉందని అర్థం. రెండో వ్యక్తి అలంకారం.

మనకిది కొత్త సంగతి కాదు. మంచు కొండల మీద కథానాయకుడికి మందపాటి కోటు, మెడకు మఫ్లరు ఇచ్చి, కథానాయికకు పల్చటి చీర కట్టి పాట తీయడం మన సినిమావాళ్లకు ఎన్నో ఏళ్ల అలవాటు. ఆ పాటలు చూస్తూ పెరిగిన అమ్మ అదే తూకం ఓడలోనూ పట్టేసింది.

అయితే ఈ మాటలను నిషేధం కోరేవాళ్లు ఆయుధంగా తీసుకుంటే నాకు అభ్యంతరం. ఆటకత్తెల ఒంటి మీది గుడ్డను అడ్డం పెట్టుకుని వాళ్ల బతుకు మీద దెబ్బకొట్టిన చరిత్ర మన దగ్గరే ఉంది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఆడపిల్లలను దేవుడికి అంకితమివ్వడాన్ని ఆపింది, అది ఆపవలసిందే. కానీ దానికి ముందూ వెనకా సాగిన ప్రచారంలో కళావంతుల ఆట, అభినయం, జావళి అన్నీ ఒకే గాట కట్టేసి మర్యాద లేనివన్నారు. ఇవాళ సంక్రాంతి వస్తే గోదావరి జిల్లాల్లో రికార్డింగ్ డాన్సుల మీద పోలీసు దాడుల వార్తలు వస్తాయి. ఆ వేడుక పెట్టించిన పెద్దమనిషి పేరు కంటే ఆడిన అమ్మాయి ముఖమే ముందు కెమెరాకు ఎక్కుతుంది. దుస్తుల గురించి మాట్లాడుతూ వేసుకున్న మనిషిని నిలదీసే అలవాటు మనలో చాలా లోతుగా ఉంది. అడగవలసింది కత్తిరించమన్నవాడిని.

నర్తకి ఓడలో నర్తకి మాత్రమే కాదు. 2013 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం ఓడలో ఏ హోదాలో పనిచేసేవారైనా నావికులే. వేధింపుల నుంచి రక్షణను కూడా నావికుల భద్రతలో భాగంగా చూడాలని 2019లో అమల్లోకి వచ్చిన సవరణ చెబుతోంది. ప్రమాదం వస్తే ప్రయాణికులను పడవల దగ్గరికి చేర్చే బాధ్యతలో నర్తకులకూ వాటా ఉంటుంది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్తా కాంకార్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయిన రాత్రి, మనుషులను బయటికి చేర్చినవారిలో ఆ ఓడ నర్తకులు కూడా ఉన్నారు. మేం ఓడ ఎక్కిన రోజు మధ్యాహ్నం మా గుంపుకు లైఫ్ జాకెట్ పట్టీ ఎలా బిగించాలో చూపించిన అమ్మాయే హవానా పాటలో ఎడమ నుంచి రెండో అమ్మాయి. గుర్తుపట్టింది మా అన్నయ్య కూతురు. "నానమ్మా, మన జాకెట్ అక్క!" అని అరిచింది. ప్రేక్షకుడు ఆమెను మర్నాడు మెట్ల మీద, భోజనశాలలో, డెక్ మీద కలుస్తూనే ఉంటాడు. వేగాస్ నర్తకి ఆట ముగిశాక ఇంటికి పోతుంది. ఓడ నర్తకికి ఆ ప్రేక్షకుల మధ్యే నివాసం. రాత్రి వేదిక మీద ఆమెను ఎలా చూపించారన్నది మర్నాడు నడవలో ఆమెను ఎలా చూస్తారన్నదానితో ముడిపడి ఉంటుంది. ఓడలో ఈ ప్రశ్న బరువెక్కేది ఇందుకే.

2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ విహార ఓడ విశాఖ నుంచి ప్రయాణికులను ఎక్కించుకుంది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఇక ముందు తాతమ్మలతో, పసిపిల్లలతో మనవాళ్లు ఎక్కే ఓడలు పెరుగుతాయి. వాటి వేదికల మీద హిందీ, తెలుగు సినిమా పాటలే ఎక్కువ ఉంటాయి కాబట్టి సమస్య ఉండదని అనుకోవడం పొరపాటు. పారిస్ ఈకలకు బదులు మన ఐటం పాటల జాకెట్లు వస్తాయి, పక్కన అబ్బాయిలు అలాగే నిండుగా ఉంటారు. కొత్తగా మొదలుపెడుతున్నాం కాబట్టి కొత్తగా ఆలోచించే వెసులుబాటు మనకుంది. తొమ్మిదిన్నర తర్వాత పెద్దల ప్రదర్శన వేయండి, కాగితం మీద ఆ మాట రాయండి, ఎంత ధైర్యంగానైనా ఆడించండి. ముందు ఆటలో ఇద్దరినీ ఒకే వీధి మనుషుల్లా తయారుచేయండి. దుస్తులు కత్తిరించే ముందు నర్తకిని కూర్చోబెట్టి అడగండి.

చివరి రాత్రి మళ్లీ థియేటర్‌కు వెళ్లాం. ఆఖరి పాటకు అందరూ, అమ్మాయిలూ అబ్బాయిలూ, ఒకే రకం తెల్ల ప్యాంటు, పొడుగు చేతుల నీలం చొక్కాలు వేసుకుని వచ్చారు. నాలుగు రోజుల్లో వాళ్లు అంత వేగంగా, అంత హుషారుగా ఆడగా నేను చూడలేదు. ఎడమ నుంచి రెండో అమ్మాయి గాలిలో రెండు చుట్లు తిరిగి దిగింది. ఓడ అప్పుడే ఒక పక్కకు ఒరిగింది. ఆమె కాలు మాత్రం కదల్లేదు. అమ్మ శాలువా జారిపోతున్నా పట్టించుకోకుండా రెండు చేతులతో చప్పట్లు కొట్టింది.