సవరణ: లింకన్ హత్య చూసిన తాత వచ్చింది వేరే షోకి

అమెరికా పాత టీవీ షో 'వాట్స్ మై లైన్?' (అతిథి చేసే పనేమిటో ప్యానెల్ ప్రశ్నలడిగి కనిపెట్టే ఆట) గురించి మొన్న రాసిన పోస్టులో, లింకన్ హత్యను కళ్లారా చూసిన శామ్యూల్ సీమోర్ అందులో కనిపించాడని రాశాను. తప్పు. ఆయన 1956 ఫిబ్రవరిలో వచ్చింది 'ఐవ్ గాట్ ఎ సీక్రెట్' అనే షోకి. రెండూ సీబీఎస్ చానెల్‌వే, రెండింటి నిర్మాతలూ గుడ్‌సన్-టాడ్‌మన్‌లే. అక్కడే పప్పులో కాలేశాను.

ఆయనకు అప్పటికి తొంభై అయిదు దాటాయి. 1865లో, లింకన్ హత్య జరిగిన ఫోర్డ్స్ థియేటర్‌కి వెళ్లేనాటికి అయిదేళ్ల పిల్లాడు. తుపాకీ పేలిందంటే ఏమిటో అర్థం కాలేదట. బాల్కనీ నుంచి కిందికి దూకిన మనిషికి దెబ్బ తగిలిందేమోనని బెంగపడ్డాడట. ఆ దూకినవాడే హంతకుడు బూత్! షోకి వచ్చేముందు కిందపడటంతో కన్ను వాచిపోయినా, ముసలాయన ఓపిగ్గా కూర్చున్నాడు. రెండు నెలలకే, ఏప్రిల్‌లో పోయాడు.

ఇంకోటి. 'వాట్స్ మై లైన్?'లో ప్యానెల్ ప్రశ్నకి జవాబుగా వచ్చే ఒక్కో 'నో'కి అతిథికి యాభై డాలర్లన్నాను. కాదు, అయిదే. పది 'నో'లు పడితే మొత్తం యాభై, ఆట అయిపోయినట్టే. సెలబ్రిటీ అతిథి వచ్చినప్పుడు ప్యానెల్ కళ్లకు గంతలు కట్టేవాళ్లన్నది మాత్రం నిజమే.