చేతులెత్తేయడమే చేతనైన పని

తెలుగులో చేతులెత్తేయడం మంచి మాట కాదు. చిట్టీల వ్యాపారి చేతులెత్తేశాడంటే వీధంతా గొల్లుమంటుంది. డాక్టర్లు చేతులెత్తేశారంటే చుట్టాలకు ఫోన్లు వెళ్తాయి. చేతులెత్తినవాడికి ఎదురు డబ్బులిచ్చి, ముందు నిలబడ్డ వేలమంది తామూ చేతులెత్తేసే వృత్తి ఈ భూమ్మీద ఒక్కటే ఉంది: ఈడీఎం (ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్) డీజే. ఫోర్బ్స్ పత్రిక 2014 జాబితా ప్రకారం కాల్విన్ హారిస్ అనే స్కాట్లాండ్ డీజే ఏడాది సంపాదన 6 కోట్ల 60 లక్షల డాలర్లు. మనం మాత్రం పిల్లల్ని ఇంకా కంప్యూటర్ సైన్సులోనే చేర్పిస్తున్నాం.

ముందు ఒక సందేహం తీర్చుకోవాలి. మన ఊళ్లలో డీజే అంటే మనిషి కాదు. డీసీఎం వ్యానుకెక్కించిన బాక్సులు, జనరేటర్, లైట్లు అన్నీ కలిపి డీజే. "బరాత్‌కు డీజే పెట్టారా?" అని అడిగేది దాని గురించే. వెనక నిలబడి పాటలు మార్చే కుర్రాడు ఉత్త ఆపరేటర్. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో నిషేధించింది ఈ డీజేనే. కాబట్టి "మావాడు డీజే అయ్యాడు" అని చెబితే, "అయ్యో, మరి విడిపించుకొచ్చారా?" అని పెద్దమ్మ అడిగిందంటే ఆవిడ తప్పేమీ లేదు.

మనం చెప్పుకుంటున్న డీజేకి మొదటి అర్హత బిల్డప్. బిల్డప్ ఇవ్వడం మనకేం కొత్త కాదు గానీ, మనవాళ్ల బిల్డప్‌కి కొలతలుండవు. వీళ్లది పాట అసలు ఊపందుకునే ముందు ఊరించే భాగం: నిమిషానికి 128 దెబ్బల లెక్కన నాలుగేసి దెబ్బల బార్లు 16, అంటే 64 దెబ్బలు, సరిగ్గా 30 సెకన్లు. మొదటి 8 బార్లలో దెబ్బకొక స్నేర్ డ్రమ్ము మోత. తర్వాతి 4 బార్లలో రెండేసి, ఆపై 2 బార్లలో నాలుగేసి, చివరి 2 బార్లలో ఎనిమిదేసి. ఈలోపు ఫిల్టర్ పెట్టి లోతైన బేసు శబ్దాలను మెల్లమెల్లగా కోసేస్తారు. వెనక నుంచి కుక్కర్ ఆవిరిలాంటి హోరొకటి పైకి లేస్తూ ఉంటుంది. ఆఖరి దెబ్బ దగ్గర అంతా నిశ్శబ్దం. ఆ వెంటనే డ్రాప్: కిక్కూ (పెద్ద డ్రమ్ము దెబ్బ) బేసూ ఒక్కసారిగా గుండెల మీద పడతాయి. జనం ఊగిపోతారు. నిజానికి అక్కడ వాల్యూమ్ పెరిగింది తక్కువ. అరనిమిషం కింద మన దగ్గర్నుంచి లాక్కున్న బేసునే మనకు తిరిగిచ్చారు. ఎన్నికల ముందు పథకాలు అందుకున్నవాళ్లకు ఈ ఆనందం విడమరచి చెప్పక్కర్లేదు.

చేతులు ఎప్పుడెత్తాలి? బిల్డప్ మొదట్లోనే ఎత్తితే అరనిమిషంలో భుజాలు లాగేస్తాయి. డ్రాప్ పడ్డాక ఎత్తితే బస్సు వెళ్లిపోయాక చెయ్యి ఊపినట్టుంటుంది. చివరి 2 బార్లే ముహూర్తం. నాలుగు సెకన్లకు కాస్త తక్కువ. పంచాంగంలో ఇంత ఇరుకు లగ్నం దొరకదు.

ఇక పాట తయారుచేయడమనే చిన్న పని మిగిలింది. కిక్కు, బేసు రెండూ 50, 60 హెర్ట్జ్ చుట్టుపక్కలే కాపురం పెడతాయి. ఇద్దర్నీ ఒకేసారి మాట్లాడనిస్తే రెండూ బురదైపోతాయి. అందుకే సైడ్‌చెయిన్ కంప్రెషన్: కిక్కు పడినప్పుడల్లా బేసు వంగి దారిస్తుంది, మళ్లీ లేస్తుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్నది 469 మిల్లీసెకన్లే కాబట్టి, తిరిగి లేచే వ్యవధి, అంటే రిలీజ్, ఎక్కువ పెడితే బేసు లేచేలోపే ఇంకో కిక్కు నెత్తిన పడుతుంది. మరీ తక్కువ పెడితే టిక్కుటిక్కుమంటుంది. ఇంకో గండం హెడ్‌ఫోన్స్. వాటిలో బాగుందని బేసును కుడిఎడమలకు వెడల్పు చేస్తారు. క్లబ్బులో బేసు పలికించే సబ్‌వూఫర్లకు వెళ్లేది చాలాచోట్ల మోనో, అంటే రెండు వైపులూ కలిపేసిన ఒకే శబ్దం. అక్కడ కుడీ ఎడమా ఒకదాన్నొకటి చంపుకుని బేసు మాయమవుతుంది. అందుకే 120 హెర్ట్జ్ కిందున్నదంతా మోనోలో ఉంచమంటారు. పాట గట్టిదనాన్ని కొలిచే లెక్కలో (సున్నాకు దగ్గరయ్యేకొద్దీ గట్టి) పాటను మైనస్ 6 ఎల్‌యూఎఫ్‌ఎస్ దాకా పిండి "నాదే గట్టి" అనుకునేవాళ్లూ ఉన్నారు. స్పాటిఫై దాన్ని మామూలుగా మైనస్ 14కి దించేస్తుంది. పిండిన పిప్పి మిగులుతుంది.

ఇన్ని చూసుకునేవాడికి చేతులెత్తే తీరిక ఎక్కడిది? అందుకే పరిశ్రమ శ్రమ విభజన కనిపెట్టింది. మౌస్ మీద చెయ్యి ఉన్నవాడు ఘోస్ట్ ప్రొడ్యూసర్. పాట, హక్కులు, నోరు మూడూ ఒకే ఒప్పందంలో అమ్మేస్తాడు. గాలిలో చెయ్యి ఉన్నవాడు ఆర్టిస్ట్. అందరూ ఇంతేనంటే అన్యాయం. డచ్ కుర్రాడు మార్టిన్ గారిక్స్ ఎఫ్ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాటతో 2013లో ప్రపంచం చుట్టేసేనాటికి అతనికి 17 ఏళ్లు. మనవాళ్లకు ఆ వయసులో ఎంసెట్ (ఇప్పుడది ఈఏపీసెట్) ఉంటుంది.

చేతులెత్తకపోతే ఏమవుతుందో చెప్పడానికి చరణ్‌జీత్ సింగ్ చాలు. బొంబాయి సినిమా పాటలకు వాయించే ఈయన 1982లో రోలాండ్ వారి డ్రమ్ యంత్రం టీఆర్-808, బేస్ సింథసైజర్ టీబీ-303, కీబోర్డు సింథసైజర్ జూపిటర్-8 ముందేసుకుని పది రాగాలను డిస్కో దరువు మీద రికార్డు చేశారు. షికాగోలో అదే 303తో యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం రికార్డుకెక్కింది 1987లో. సింగ్ గారి రికార్డు అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక గానీ లోకం నోరు తెరవలేదు. లోపం స్పష్టం: ఆయన రెండు చేతులూ కీల మీదే ఉండిపోయాయి.

వేదికెక్కాక పెద్ద కష్టమేమీ ఉండదు. రెండు పాటల వేగం కలపడానికి సింక్ బొత్తం ఉంది. పెద్ద షోల్లో అందరం ప్లే నొక్కేవాళ్లమేనని ఎలుక తల తొడుక్కునే కెనడా డీజే డెడ్‌మౌస్ 2012లో బాహాటంగా రాసేసి సొంత కులంలో చిచ్చుపెట్టాడు. అయితే సింక్ నమ్మేది పాటలో దెబ్బలెక్కడ పడతాయో సాఫ్ట్‌వేర్ గీసుకున్న గీతల పటాన్ని, అంటే బీట్‌గ్రిడ్‌ను. గ్రిడ్ కాస్త పక్కకు జరిగితే రెండు కిక్కులూ వెంటవెంటనే పడి గుర్రపు డెక్కల చప్పుడొస్తుంది. పాత తెలుగు పాటలతో మరీ ప్రమాదం. ఆర్కెస్ట్రా అంతా కూర్చుని ఒకేసారి వాయించిన పాట మనిషి ఊపిరిలా నడుస్తుంది, చరణానికొచ్చేసరికి రెండు మూడు బీపీఎం (నిమిషానికి దెబ్బలు) తేడా. గ్రిడ్‌ను మధ్యమధ్యలో చేత్తో సర్దాలి. తీన్మార్ పేరులోనే మూడుంది. దాని మీద నాలుగు కిక్కులు అచ్చంగా అంటిస్తే ఆడేవాడి కాళ్లు ఏ లెక్క నమ్మాలో తెలియక నిలబడిపోతాయి.

అన్నట్టు పెన్‌డ్రైవ్ ఫ్యాట్‌32 పద్ధతిలో ఫార్మాట్ చేసుకోవాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే డీజేలు వాడే పయొనీర్ ప్లేయర్ దాన్ని గుర్తుపట్టదు. రెండోది జేబులో ఉండాలి. ఆరువందల రూపాయల పెన్‌డ్రైవ్ మొరాయించినప్పుడు ఎత్తే చేతులకు తెలుగు అర్థమే వర్తిస్తుంది.

చెవుల సంగతి ఎవరూ అడగరు. 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. సెట్టు రెండు గంటలు. నిజంగానే చేతులెత్తేసినవాడు స్వీడన్‌కు చెందిన డీజే అవీచీ. 2016లో, 26 ఏళ్లకే, ఇక ఊళ్లు తిరగలేనన్నాడు. 2018 ఏప్రిల్ 20న మస్కట్‌లో పోయాడు. ఇక్కడ వ్యంగ్యానికి చోటు లేదు, ముందుకు వెళ్దాం.

ఇక్కడ సంగీత్ బుకింగులే ఆధారం కాబట్టి కడపటి పరీక్ష ఓపెన్ గార్డెన్‌లో జరుగుతుంది. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. 10:05కి ఎస్సై వస్తాడు. పెళ్లికొడుకు తండ్రి ఈవెంట్ మేనేజర్‌ను చూపిస్తాడు. మేనేజర్ గార్డెన్ ఓనర్‌ను చూపిస్తాడు. ఓనర్ చేతులెత్తేస్తాడు. అప్పుడు మన డీజే, ఆ రాత్రికి మొట్టమొదటిసారిగా, చెయ్యి కిందికి దించి మిక్సర్ మీద పెడతాడు. మాస్టర్ నాబ్‌ను ఎడమకు తిప్పుతాడు.