సవరణ: చల్లదనం పంటి నరాన్ని నేరుగా తాకదు

పళ్లు జివ్వుమనడం గురించి ఇంతకు ముందు రాసినప్పుడు, నరాలు పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ వరకు వ్యాపించి ఉంటాయని, చల్లని నీరు వాటిని నేరుగా తాకుతుందని చెప్పాను. అది తప్పు. చదివినవారు మన్నించాలి.

ఎనామిల్‌లో నరాలే లేవు. దాని కింద ఉండే డెంటిన్ నిండా ద్రవంతో కూడిన అతి సన్నని గొట్టాలుంటాయి. పంటి గుజ్జులోని నాడీ తంతువులు వాటి లోపలి కొసల్లోకి మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతులు మాత్రమే చొచ్చుకువస్తాయి. చిగురు జారి డెంటిన్ బయటపడిన చోట చల్లదనం తగిలితే ఆ ద్రవం చప్పున బయటివైపు కదులుతుంది. తంతువులను రేపేది ప్రధానంగా ఆ కదలికే. 1960లలో స్వీడన్‌కు చెందిన దంత పరిశోధకుడు బ్రాన్‌స్ట్రోమ్ ప్రయోగాలతో బలపరచిన ఈ వివరణకే నేటికీ ఎక్కువ ఆమోదం ఉంది. తీపి చల్లగా లేకపోయినా ఎందుకు జివ్వుమనిపిస్తుందో నా పాత వివరణతో తేలదు. గాఢమైన చక్కెర ద్రావణం కూడా ఆ ద్రవాన్ని బయటికి లాగుతుంది.

నొప్పులన్నీ ఒకటే అన్నట్టు రాయడం ఇంకా పెద్ద పొరపాటు. క్షణంపాటు సూదిలా గుచ్చే నొప్పి వేగంగా స్పందించే ఎ-డెల్టా తంతువులది. వేడికి మొదలై చాలాసేపు సలిపే నొప్పిలో నెమ్మదిగా స్పందించే సి తంతువుల పాత్ర ఎక్కువ. అది గుజ్జు వాచిందనడానికి సూచన కావచ్చు. అలాంటి నొప్పి ఉన్నవారు ఆలస్యం చేయకుండా దంతవైద్యుణ్ని కలవండి.