మూడో అంతస్తుకు అందని అడ్రసు

మా అపార్ట్‌మెంట్‌లో ఐదంతస్తులకూ కలిపి, నోడ్లనే చిన్న పెట్టెలు ఒకదాన్నుంచి ఒకటి సిగ్నల్ అందుకునే మెష్ వైఫై ఒకటే పెట్టించాలని సంఘం నిర్ణయించినప్పుడు, నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే అంకెల చిరునామాలైన ఐపీ అడ్రసుల పంపకాన్ని కార్యదర్శి గారు స్వయంగా నెత్తికెత్తుకున్నారు. ఉద్యోగమంతా రిజిస్ట్రేషన్ శాఖలో గడిపి రిటైరైనవారు కనుక, ఏ ఫ్లాటు నంబరు ఆ ఫ్లాటు అడ్రసుకు చివర ఉండి తీరాలన్నది ఆయన పట్టుదల. 101కి 192.168.1.101, 206కి 192.168.1.206 అంటూ ఎర్రసిరాతో గీతలు గీసిన రిజిస్టరులో ముచ్చటగా రాసుకుంటూ వెళ్లి, 301 దగ్గర ఆగిపోయారు. అడ్రసులో ఒక్కో భాగానికి ఉండేవి ఎనిమిది బిట్లే, అంటే సున్నానో ఒకటో పట్టే గళ్లు ఎనిమిదే కనుక ఆ అంకె 255 దాటదని వైఫై బిగించడానికి వచ్చిన కుర్రాడు విన్నవించగా, "జనరల్ బాడీలో తీర్మానం చేసి 506 దాకా పెంచుదాం" అన్నారాయన. మెయింటెనెన్స్ తామూ సమానంగానే కడుతున్నామని మూడో అంతస్తువారు గొంతు పెంచడంతో, తీర్మానం దాకా ఆగకుండా 301లోంచి 300 తీసేశారు. మిగిలింది ఒకటి.

192.168.1.1 అప్పటికే మెయిన్ రూటరుది. బయటికి వెళ్లవలసిన ప్రతి ఫోనూ దారి అడిగేది ఆ అడ్రసునే. కార్యదర్శి గారు దగ్గరుండి 301వారి స్మార్ట్ టీవీలో ఆ అంకెలను రిమోటుతో ఒక్కొక్కటిగా నొక్కించిన సాయంత్రం, ఒకటో నంబరు ఎవరిదని అడిగిన ఫోన్లకు రూటరూ టీవీ రెండూ నాదేనని జవాబిచ్చాయి. టీవీ మాట నమ్మిన ఇళ్లలో వైఫై గుర్తు నిండుగా వెలుగుతూనే ఉంది, నెట్ మాత్రం రాలేదు. కుర్రాడు పరుగున వచ్చి సంగతి చెబితే, "రూటరు కింద గదిలో ఉంది, టీవీ మూడో అంతస్తులో ఉంది, ఒకదానికొకటి అడ్డమెలా అవుతాయి బాబూ?" అని కార్యదర్శి గారు నిలదీశారు.

అంతస్తుకొక సబ్‌నెట్, అంటే వేరే అడ్రసుల గుంపు, ఇద్దామన్న సలహా కూడా వచ్చింది కానీ, ఫోన్లో మాట్లాడుతూ మెట్లెక్కేవారికి అంతస్తు మారినప్పుడల్లా అడ్రసు మారి వాట్సాప్ కాల్ తెగిపోవచ్చు. అందుకని కుర్రాడు భవనమంతటికీ కలిపి 10.20.0.0/22 అనే ఒకే పెద్ద గుంపు పెట్టాడు. అందులో వాడుకోదగిన అడ్రసులు 1,022. మొదటి వంద నోడ్లకూ కెమెరాలకూ విడిచి, మిగతావి అడ్రసులను తనంతట తానే పంచే డీహెచ్‌సీపీకి అప్పజెప్పి, ఇకమీదట ఎవరూ చేత్తో అంకెలు నొక్కవద్దని లిఫ్టులో కాగితం అంటించి వెళ్లాడు.

డాబామీది నోడుకు ఇచ్చిన 10.20.0.6లో అంకెలన్నీ కూడితే తొమ్మిది వస్తుందని కోశాధికారి గారు కనిపెట్టి, దాన్ని తమ ఇంటికి మార్చాలని అర్జీ పెట్టుకున్నారు. ఊరికే ఇవ్వడం ధర్మం కాదని, ఆర్టీఏ వారు ఫ్యాన్సీ నంబర్లకు పెట్టినట్టు వేలం పెడితే కార్పస్ ఫండుకు ఎంత చేరుతుందో కార్యదర్శి గారు లెక్క వేస్తున్నారు.